గొప్ప యుద్ధ సినిమా ఏదంటే, ముందు ఏ పర్వమో చెప్పాలి

కనుమ నాడు భోజనాలయ్యాక అరుగు మీద చేరితే మా ఇంట్లో వరస ఒకటే. ఓ గంట పందేల లెక్కలు, తర్వాత సినిమాలు. ఈసారి మా బావమరిది ఫోన్లో ఎక్కడో దొరికిన జాబితా తెరిచి, లోకంలోని అత్యుత్తమ యుద్ధ సినిమాలంటూ పైకి చదవడం మొదలుపెట్టాడు. పదో పేరు రాకముందే గొడవ. "బోర్డర్ లేకుండా ఇదేం లిస్టండీ?" అన్నాడు ఒకడు. "బాహుబలిలో ఉన్నది యుద్ధం కాదేంటి మరి?" అన్నాడు ఇంకొకడు. కురుక్షేత్రం కన్నా పెద్ద యుద్ధం ఎవడు తీశాడని మా పెదనాన్నగారు లోపల్నుంచే కేకేశారు.

మిలటరీ మావయ్య మాత్రం స్తంభానికి జేరబడి చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు. ఆయనకి ఆ పేరు రావడానికి సగం కారణం ఉద్యోగం, సగం అత్తారి ఊరు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. జనం మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ కుర్రాళ్ళని పంపిన ఊరు, ఇప్పటికీ ఇంటికొకరన్నా సైన్యంలో ఉంటారని పేరు. మావయ్య ఇరవయ్యేళ్ళ పైచిలుకు సర్వీసంతా స్టోర్లలోనే గడిచింది. బూట్లు, దుప్పట్లు, యూనిఫారాలు లెక్క రాసి ఇవ్వడం ఆయన పని. తుపాకీ పేల్చిన కథ ఒక్కటి చెప్పమన్నా చెప్పడు.

ఆ రాత్రి గొడవ తెగలేదు. తెగదు కూడా. అక్కడున్న నలుగురూ నాలుగు వేరే సంగతుల్ని యుద్ధ సినిమా అనే ఒకే పేరుతో పిలుస్తున్నారు మరి. దీన్ని విడదీయడానికి మన చేతిలో ఒక పాత కొలత ఉంది. రాజమండ్రిలో నన్నయగారు మొదలుపెట్టిన భారతంలో, ఆ తర్వాత తిక్కనగారి చేతికొచ్చిన భాగమే యుద్ధం. అక్కడ యుద్ధం అనేది ఒక్క ముద్దగా ఉండదు. యుద్ధానికి ముందు ఉద్యోగపర్వం. పోట్లాటకి భీష్మ, ద్రోణ, కర్ణ, శల్య పర్వాలు. నిద్రపోతున్నవాళ్ళని చంపడానికి సౌప్తికం. ఏడవడానికి స్త్రీపర్వం. ఆ తర్వాత బతకడానికి శాంతిపర్వం. వ్యాసభారతంలో అన్నిటికన్నా పెద్దది ఏ యుద్ధపర్వమో అనుకుంటాం, కాదు, శాంతిపర్వమే. ఒక్కో యుద్ధ సినిమా ఈ పర్వాల్లో ఏదో ఒక దాంట్లో కాపురం ఉంటుంది. ఉద్యోగపర్వం సినిమాని తెచ్చి ద్రోణపర్వం సినిమా పక్కన నిలబెట్టి ఏది గొప్పంటే, అరటికాయ బజ్జీని పూతరేకుతో పోల్చినట్టే.

మన జిల్లాల వాళ్ళకి ఉద్యోగపర్వం మీద మోజు ఎక్కువ. దానికి కారకులూ మనవాళ్ళే. పాండవోద్యోగ విజయాలు రాసిన తిరుపతి వేంకట కవుల్లో ఒకరిది భీమవరం దగ్గర యండగండి, ఇంకొకరిది కడియం. పల్లెల్లో తెల్లవార్లూ ఆడే ఆ నాటకంలో జనం ఎదురుచూసేది పడకసీను కోసం, రాయబారం కోసం. కృష్ణుడు పాత్రధారి హార్మోనియం శృతి చూసుకుని "జెండాపై కపిరాజు" ఎత్తుకుంటే ఒన్స్ మోర్లు పడతాయి. ఒక్క బాణం కూడా వెయ్యని యుద్ధ నాటకం అది. 1977 సంక్రాంతికి ఒకే రోజున కృష్ణ కురుక్షేత్రం, ఎన్టీఆర్ దానవీరశూరకర్ణ విడుదలైతే జనం నోళ్ళలో నిలిచినవి రెండో దాంట్లో సుయోధనుడు సభలో చెప్పిన మాటలే కానీ, గదల చప్పుడు కాదు.

ఈ పర్వంలో నేను పై వరసలో కూర్చోబెట్టేది స్టాన్లీ కుబ్రిక్ 1957లో తీసిన పాత్స్ ఆఫ్ గ్లోరీని. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక ఫ్రెంచి జనరల్ ప్రమోషన్ ఆశతో, పట్టడం కుదరని గుట్టని పట్టమంటాడు. దాడి విఫలమవుతుంది. పరువు కాపాడుకోవాలి కాబట్టి ముగ్గురు సిపాయిల్ని ఎంచి పిరికితనం నేరం మోపి కాల్చేస్తారు. వాళ్ళలో ఒకడు తల పగిలి స్పృహలో ఉండడు. స్ట్రెచర్ మీదే తీసుకొచ్చి, దాన్నే నిలబెట్టి కట్టి, కాల్చే ముందు మెలకువ రావడానికి బుగ్గ గిల్లుతారు. ఆ గిల్లుడు ఒక్కటి చాలు నాకు. సినిమాలో కందకాల పోరు నిమిషాల్లో అయిపోతుంది, మిగతాదంతా గదుల్లో మాటలే. ఫ్రాన్సులో 1975 దాకా ఇది థియేటర్లకి రాలేదు.

ఇక అసలు పోట్లాట పర్వాలు. మామూలుగా జాబితాలన్నీ వీటితోనే నిండుతాయి. ఎందుకంటే ఇక్కడ గొప్పతనం కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది. 1998లో స్పీల్‌బర్గ్ తీసిన సేవింగ్ ప్రైవేట్ ర్యాన్‌లో ఒమాహా తీరం మీద దిగే ఘట్టం ఐర్లండు ఒడ్డున తీశారు. ఆ సముద్రంలో నీళ్ళు ఎర్రబడడం, ఒకడు తెగిన తన చేతిని ఏరుకుని మోసుకుపోవడం చూసి అమెరికాలో పాత సైనికులు కలత పడితే, వాళ్ళతో మాట్లాడడానికి ప్రభుత్వం ప్రత్యేకంగా ఫోన్ లైను పెట్టాల్సొచ్చింది. ఆ ఏటి ఆస్కార్లలో స్పీల్‌బర్గ్‌కి దర్శకుడి బహుమతి దక్కింది కానీ ఉత్తమ చిత్రం షేక్‌స్పియర్ ఇన్ లవ్ ఎగరేసుకుపోయింది. బహుమతిని కొలబద్దగా పెట్టుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నా మట్టుకు నాకు ఆ తొలి పాతిక నిమిషాలు మహాద్భుతం, ఆ తర్వాతిది మంచి సినిమా. చివర్లో వంతెన దగ్గర పోరు వచ్చేసరికి మన పండగ సినిమా క్లైమాక్సు లాగే ఎవడు ఎప్పుడు పోతాడో ముందే తెలిసిపోతుంది.

ఈ పర్వంలో ఒక పెద్ద చిక్కు ఉంది. యుద్ధాన్ని తిడుతూ తీసిన సినిమా కూడా తెర మీద ఊపు తెప్పిస్తుంది, కాబట్టి నిజంగా యుద్ధాన్ని వ్యతిరేకించే సినిమా అంటూ ఉండదని ఫ్రెంచి దర్శకుడు త్రూఫో అన్నాడంటారు. కప్పోలా 1979లో తీసిన అపోకలిప్స్ నౌలో హెలికాప్టర్లు వాగ్నర్ సంగీతం పెట్టుకుని వియత్నాం పల్లె మీద పడే ఘట్టం, చూసేవాడికి ఒళ్ళు జలదరించాలని తీసింది. 2005లో వచ్చిన జార్‌హెడ్‌లో గల్ఫు యుద్ధానికి బయల్దేరబోయే అమెరికా సిపాయిలు అదే ఘట్టం చూస్తూ చప్పట్లు కొట్టి కేరింతలు పెడతారు. మనమేం తక్కువ తిన్నాం? థియేటర్లో తుపాకీ తిరగేసి పట్టుకున్న ప్రతివాడికీ కాగితం ముక్కలు ఎగరేశాం.

ఇంకో చిక్కు, ట్యాంకులు ఎవరివి అన్నది. 1970లో సోవియట్ దర్శకుడు బొందార్చుక్ వాటర్లూ తీసినప్పుడు సోవియట్ సైన్యం సుమారు 15 వేల మంది సిపాయిల్ని పంపింది. అన్ని తలకాయలు ఒకే ఫ్రేములో ఇప్పటికీ కంప్యూటర్ చెయ్యలేని వింత. కానీ ఊరికే ఎవరూ అరువివ్వరు. అమెరికాలో సైన్యం సామాను కావాలంటే స్క్రిప్టు చూపించాలి. కప్పోలాకి వాళ్ళు ఇవ్వకపోతే ఫిలిప్పీన్స్ ప్రభుత్వం హెలికాప్టర్లు తెచ్చుకున్నాడు. అవి షూటింగ్ మధ్యలోనే నిజం తిరుగుబాటుదార్ల మీదకి ఎగిరిపోయేవి. దానికి తోడు 1976లో తుపానొచ్చి సెట్లు ఊడ్చుకుపోయింది. 1996 నవంబరు తుపానులో కొబ్బరితోటలు పోగొట్టుకున్న కోనసీమ వాళ్ళకి కప్పోలా బాధ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మన దగ్గర హకీకత్ నుంచి బోర్డర్ దాకా సైన్యం సాయంతో తీసినవే. అందులో తప్పేమీ లేదు. అయితే అరువు ట్యాంకు తెచ్చుకున్నవాడు ట్యాంకు యజమాని మీద పాత్స్ ఆఫ్ గ్లోరీ లాంటి కథ తియ్యలేడు. జాబితా రాసేటప్పుడు అది కూడా లెక్కలో వేసుకోవాలి.

అశ్వత్థామ అర్ధరాత్రి పాండవుల శిబిరంలో దూరి పడుకున్న పిల్లల్ని చంపడం సౌప్తికపర్వం. ఇందులో వీరత్వం లేదు, కాబట్టి కాగితాలు ఎగరేసే వీలూ లేదు. నన్నడిగితే లోకంలో గొప్ప యుద్ధ సినిమా ఈ పర్వంలోనే ఉంది. 1985లో ఎలెమ్ క్లిమోవ్ తీసిన కమ్ అండ్ సీ. 1943లో నాజీల చేతిలో ఉన్న బేలారుస్. ఫ్ల్యోరా అనే కుర్రాడు ఇసకలో తవ్వుకుని ఒక తుపాకీ సంపాదించి, అదేదో తిరణాలకి పోతున్నంత సంబరంగా దళంలో చేరతాడు. అడవి మీద బాంబులు పడ్డాక వాడి చెవులు గింగురుమంటాయి. మనకి కూడా అంతే, చాలాసేపు మాటలు నీళ్ళలోంచి వినిపిస్తున్నట్టు ఉంటాయి. ఇంటికొస్తే ఎవరూ ఉండరు. పొయ్యి మీద సూప్ ఇంకా వెచ్చగా ఉంటుంది, గచ్చు మీద చెల్లెళ్ళ బొమ్మలు పడుంటాయి, ఈగలు ముసురుతుంటాయి. అమ్మావాళ్ళు పక్క లంకలో దాక్కునుంటారని వాడు పరిగెడతాడు. వాడి వెనకాల పరిగెడుతున్న పిల్ల ఒక్కసారి తల తిప్పి చూస్తుంది. ఇంటి గోడ పక్కన ఊళ్ళోవాళ్ళ శవాలు పేర్చి ఉంటాయి. కెమెరా అక్కడ ఆగదు, ఆ పిల్ల ఎంతసేపు చూసిందో మనమూ అంతసేపే చూస్తాం.

ఆ తర్వాత ఒక ఊరి జనాన్నంతా కొట్టంలోకి తోసి తగలబెట్టే ఘట్టం వస్తుంది. దాన్ని గురించి రాయను. సినిమా అయ్యేసరికి ఆ కుర్రాడి మొహం ముసలాడి మొహంలా ముడతలు పడి ఉంటుంది. బేలారుస్‌లో అలా జనంతో సహా కాల్చేసిన ఊళ్ళు 628 అని చివర్లో అక్షరాలు పడతాయి. స్క్రిప్టులో పాలుపంచుకున్న అలెస్ అదమోవిచ్ ఆ వయసులో ఆ అడవుల్లో పోరాడినవాడే. అధికారులు ఏళ్ళ తరబడి అడ్డం పడ్డారు. ఇది తీశాక క్లిమోవ్ ఇంకో సినిమా తియ్యలేదు. నేను ఒక్కసారే చూశాను. గొప్ప సినిమా అంటే మళ్ళీమళ్ళీ చూడాలనిపించేది అని ఎవరైనా అంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

స్త్రీపర్వంలో గాంధారి రణభూమిలో నడుస్తూ శవాలని గుర్తుపడుతుంది. ఆ పర్వం సినిమాల్లో 1957 నాటి రష్యన్ సినిమా ద క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్, 1988లో జపాన్ వాళ్ళు బొమ్మలతో తీసిన గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్ నాకు ముఖ్యం. మొదటి దాంట్లో యుద్ధం గెలిచిన రోజు రైలు దిగుతున్న సిపాయిల మధ్య ఒకమ్మాయి పూలు పట్టుకుని, రానివాడి కోసం వెతుకుతుంది. రాడని తేలాక ఆ పూలు ఎదురొచ్చిన వాళ్ళందరికీ తలోటి పంచుతుంది. రెండో దాంట్లో తల్లి పోయిన ఇద్దరు పిల్లలు, ఒక పిప్పరమెంట్ల డబ్బా. పిప్పరమెంట్లు అయిపోతే అన్న అందులో నీళ్ళు పోసి కలిపి చెల్లెలికి తాగిస్తాడు. బొమ్మల సినిమా కదాని పిల్లలకి పెట్టి, తర్వాత వాళ్ళని సముదాయించలేక అవస్థపడిన తండ్రిని నేను. శాంతిపర్వానికి 1946 నాటి ద బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్ ఒక్కటి చెప్పి ఊరుకుంటాను. అందులో చేతులు పోయిన సైనికుడిగా వేసిన హెరాల్డ్ రసెల్ నిజంగానే సైన్యంలో రెండు చేతులూ పోగొట్టుకున్నవాడు. ఆ ఒక్క వేషానికే రెండు ఆస్కార్లు ఇచ్చారు.

పర్వం తేల్చాక ఇంకో ప్రశ్న మిగులుతుంది. కథ ఎవరి గట్టు మీద నిలబడి చెబుతున్నారు? జర్మన్ జలాంతర్గామి మీద 1981లో వచ్చిన దస్ బోట్ మొదట్లోనే చెప్పేస్తుంది, అలాంటి జలాంతర్గాముల్లో వెళ్ళిన 40 వేల మందిలో 30 వేల మంది తిరిగి రాలేదని. శత్రువు గొట్టంలో మనల్ని రెండున్నర గంటలు కూర్చోబెట్టి వాడి ఊపిరి మన చేత బిగబట్టిస్తుంది. 1966 నాటి ద బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్‌లో ఫ్రెంచివాళ్ళ శవాలకీ అరబ్బుల శవాలకీ ఒకే సంగీతం వాడారు. మన ఘాజీ 2017లో వచ్చింది. 1971 డిసెంబరు మొదటి వారంలో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి కథ. మన నౌకాదళం చెప్పేది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక ముంచిందని, పాకిస్తాన్ చెప్పేది లోపలే పేలుడు జరిగిందని. సినిమాలో మాత్రం రెండు జలాంతర్గాములు నీళ్ళలో తలపడతాయి. చూస్తున్నంతసేపూ కుర్చీ అంచున కూర్చోబెడుతుంది. చరిత్ర కింద చదువుకోకపోతే చాలు.

గట్టు మారితే ఏం కనబడకుండా పోతుందో చెప్పడానికి ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వై అంత మంచి ఉదాహరణ లేదు. ఏడు ఆస్కార్లు. ఆ వంతెన కట్టింది సిలోన్లో, కిటుల్‌గల దగ్గర. అసలు థాయ్‌లాండులో ఆ వంతెన ఉన్నది వేరే ఏరు మీద. సినిమా చూసి జనం వెతుక్కుంటూ వస్తుంటే థాయ్ వాళ్ళు 1960ల్లో ఆ ఏటి పాయ పేరే మార్చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళు ఆ వంతెన మీదుగా వేయించిన రైలుదారి పనిలో 12 వేల మంది పైగా తెల్ల యుద్ధఖైదీలు పోయారు. ఆసియా కూలీలు సుమారు 90 వేల మంది పోయారని అంచనా. వాళ్ళలో మలయా రబ్బరు తోటల నుంచి తోలుకుపోయిన తమిళులు ఎక్కువ, తెలుగువాళ్ళూ ఉన్నారు. సినిమాలో ఆ కూలీల జాడ లేదు. నేను దాన్ని ఇప్పటికీ మెచ్చుకుంటాను, కానీ మునుపటంత నోరారా కాదు.

యుద్ధం మనదాకా రాలేదు, అందుకే మనకి యుద్ధ సినిమా రాలేదు అనే మాట తరచూ వింటాం. గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో 1758 డిసెంబరులో ఇంగ్లీషు, ఫ్రెంచి దళాలు తలపడి కోస్తా జిల్లాల రాత మారిపోయింది. ధవళేశ్వరంలో మనం దండలు వేసే కాటన్ దొర మొదటి బర్మా యుద్ధంలో పనిచేసినవాడు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. వీటన్నిటికన్నా పెద్దది రంగం కథ. మన ముసలివాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. కాకినాడ ఓడ ఎక్కి రేవు పనికి, ధాన్యం మిల్లుల పనికి వెళ్ళినవాళ్ళని బర్మా వాళ్ళు కోరంగీలనేవారు, కోరంగి రేవు పేరు మీద. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక నాలుగైదు లక్షల మంది భారతీయులు ఇంటిదారి పట్టారు. ఓడల్లో చోటు దొరకనివాళ్ళు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచారు. కలరా, ఆకలి, వాన. వేలకు వేలమంది దారిలోనే రాలిపోయారు. మావయ్య జేరబడ్డ ఆ అరుగు స్తంభం బర్మా టేకుది. ఆ టేకు ఓడలో వచ్చింది. దాన్ని పంపిన మా ముత్తాత తమ్ముడు నడిచి బయల్దేరాడట, ఇంటికి చేరలేదు. ఇంట్లో ఆయన గురించి ఉన్న కథ అంతే, ఒక్క వాక్యం.

2015లో క్రిష్ తీసిన కంచె మాత్రం రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన తెలుగు సిపాయిని చూపించింది. అక్కడి సరిహద్దునీ ఇక్కడ ఊళ్ళో కులాల మధ్య వేసిన కంచెనీ పక్కపక్కన పెట్టింది. యూరప్ సగం కన్నా ఊరి సగం నాకు బలంగా అనిపించింది. ఆ దర్శకుడికి తెలిసిన యుద్ధం అదే కాబట్టి కావచ్చు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక నేను హాల్లో టీవీలో 2022లో జర్మన్లు తీసిన ఆల్ క్వైట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్ పెట్టాను. ఇదే నవల మీద 1930లో అమెరికాలో తీసిన సినిమా బెర్లిన్‌లో ఆడినప్పుడు నాజీలు హాల్లో తెల్ల ఎలుకలు వదిలి జనాన్ని చెదరగొట్టారు. దాన్ని నిషేధించేదాకా ఊరుకోలేదు. జర్మన్ భాషలో సినిమాగా రావడానికి తొంభై ఏళ్ళు పట్టింది. మావయ్య మంచినీళ్ళకి లేచి వచ్చి నిలబడ్డాడు.

మొదట్లోనే ఒక కుర్రాడు చచ్చిపోతాడు. శవం మీంచి కోటు విప్పుతారు. మూటలు కట్టి బండ్లకెత్తుతారు. రక్తం నీళ్ళలో ఉతుకుతారు. పెద్ద షెడ్డులో వరసగా ఆడవాళ్ళు కూర్చుని తూటా కన్నాలు కుట్టుమిషన్ల మీద కుడుతుంటారు. ఆ కోటు మడతపెట్టి కొత్తగా చేరిన ఇంకో కుర్రాడికి ఇస్తారు. మెడ దగ్గర వేరే పేరున్న చీటీ కనిపించి, ఇది ఎవరిదో అండీ అంటాడు వాడు. వాడికి సైజు సరిపోయి ఉండదు, మామూలేలే అని ఆఫీసరు ఆ చీటీ పీకి కింద పడేస్తాడు.

"సైజన్నాడా?" అన్నాడు మావయ్య.

"ఆ, సైజే అన్నాడు మావయ్యా."

గ్లాసు టీవీ బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. "వెనక్కి తిప్పరా. ఆ కుట్టుమిషన్ల దగ్గర్నుంచి పెట్టు."

పెట్టాను. చీటీ కింద పడేదాకా మళ్ళీ చూశాడు. ఆ తర్వాత వచ్చే యుద్ధం చూడకుండానే లేచి పడుకోడానికి వెళ్ళిపోయాడు.